ఎదుటివాళ్ళ బీమా

"మీకు సొంత కారు ఉందా మేడమ్?" అని కౌంటరు దగ్గరి అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది. లేదనడానికి ఎంతసేపు కావాలి, అయినా ఆమె నోట ముందు "ఉండేది" అన్న మాట వచ్చింది. వచ్చినదాన్ని వెనక్కి తీసుకోలేక, "ఇప్పుడు లేదమ్మా" అని సర్దుకుంది. ఆ అమ్మాయికి ఒకప్పటి కారుతో పని లేదు. "అయితే మీ పేరు మీద ఇన్సూరెన్స్ కూడా ఉండదు కదా. కారున్న వాళ్ళకి ఒక్కోసారి వాళ్ళ పాలసీయే అద్దె కారుకి కూడా పనికొస్తుంది. మీకలా కుదరదు, అన్నీ ఇక్కడే తీసుకోవాలి" అంది. కారుకి గీత పడితే ఒకటి, కారు ఎవరైనా ఎత్తుకుపోతే ఒకటి, మీకు దెబ్బ తగిలితే ఒకటి అని వేళ్ళు మడుస్తూ చెప్పుకుంటూ పోయి, చివరికి చిటికెన వేలు పట్టుకుని, "ఇది మాత్రం తప్పదు మేడమ్. మీ వల్ల ఎదుటివాళ్ళకి ఏమైనా అయితే, దానికి" అంది.

ఎదుటివాళ్ళకి. ఎంత తేలిగ్గా అనేసింది ఆ పిల్ల, కూరగాయలు తూచి పైన కొసరు వేసినంత తేలిగ్గా. వెనక్కి తిరిగి చూడకూడదనుకుంటూనే ఆమె చూసింది. ఆయన కిటికీ పక్క కుర్చీలో, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, డాక్టరు పిలుపు కోసం కూర్చున్న వాడిలా కూర్చున్నాడు. మాట విన్నాడో లేదో మొహం చూసి చెప్పలేం, ఆ మొహం చాలా ఏళ్ళుగా తలుపు వేసిన కొట్టు. ముంజేతుల మీద పొయ్యి అంచులు తగిలిన పాత మచ్చలు వరసగా ఉన్నాయి. బేకరీలో పనిచేసే వాళ్ళ చేతులు చూస్తే చాలు, ఎన్ని రాత్రులు మేలుకున్నారో లెక్క వేయొచ్చు అని పెళ్ళయిన కొత్తలో ఆమె నవ్వేది. కారు కడుగుతున్నారు, కాసేపట్లో వస్తుంది, ఈలోపు కాగితాలు తయారు చేస్తాను, కూర్చోండి అంది ఆ అమ్మాయి. ఆమె వచ్చి ఆయన పక్కన కూర్చుంది. కిటికీకి కట్టిన పరదా కింది అంచు ఒక పక్క జారింది, కుట్టిన మనిషి తొందరలో దారం ముడి వేయడం మరిచిపోయి ఉంటుంది. ఆమె చూపు ఎక్కడికి వెళ్ళినా ముందు అంచుల మీదకే పోతుంది. వీధిలో ఆమెకు కర్టెన్లమ్మ అని పేరు పెట్టింది ఊరికే కాదు.

పరదాలే కదా కొంప నిలబెట్టినవి, ఆయన రాత్రి పని మనిషి కాబట్టి పగలును రాత్రి చేయాల్సిన బాధ్యత ఆమె మీద పడింది, పడకగదికి మూడు పొరల గుడ్డ వేసి ఆమె కుట్టిన పరదా లాగితే మిట్టమధ్యాహ్నం కూడా గదిలో చెయ్యి కనబడేది కాదు. తెల్లారగట్ల ఆఖరి వాయి రొట్టె బయటికి తీసి ఇంటికొచ్చేవాడు, ఒంటినిండా పిండి వాసన, కనుబొమల మీద పిండి, ముసలితనం ముందుగానే వచ్చి చూసి పోయినట్టు. అన్నం ముందు కూర్చుని ముద్ద చేతిలో ఉండగానే తల వాల్చేవాడు. "ఏమండీ, పళ్ళెంలో పడతారు" అనేది ఆమె. ఆయన ఉలిక్కిపడి "నిద్రపోలేదు, ఆలోచిస్తున్నా" అనేవాడు. ఇంట్లో అదొక హాస్యం. పిల్లలు లేని ఇంట్లో హాస్యాలు తక్కువ, ఉన్న ఒకటి రెండింటినే మళ్ళీ మళ్ళీ వాడుకునేవాళ్ళు. ఆ రోజు తర్వాత ఆ మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఆయన అన్నం దగ్గర తల వాల్చడం కూడా మానేశాడు. కళ్ళు పెద్దవి చేసుకుని, ప్రతి ముద్దనూ చూసుకుంటూ, పరీక్ష రాస్తున్నట్టు తినేవాడు.

ఆ రోజు బేకరీలో ఇద్దరు పనివాళ్ళు రాలేదు, వాళ్ళ పనీ ఈయనే చేశాడు, ముందు రోజు పగలు కూడా ఎవరో పలకరించడానికి వచ్చి నిద్ర పాడుచేశారు. ఇవన్నీ ఆమెకు తెలుసు. తెలిసి కూడా, బయల్దేరుతున్నానని ఆయన ఫోన్ చేసినప్పుడు, "గోదాం మీదుగా వచ్చి నా నీలం గుడ్డ తాను పట్టుకురండి, మధ్యాహ్నానికి కావాలి" అంది. ఆయన సరే అన్నాడు. అన్నిటికీ సరే అనే మనిషి, ఒక్కసారి చిరాకు పడి, నిద్రొస్తోంది నీ తాను నువ్వే తెచ్చుకో అని ఉంటే ఏమయ్యేది, ఎంతమంది మొగుళ్ళు రోజూ అనడం లేదు అలాగ. గోదాం దగ్గర తాను వెనక సీట్లో వేసుకుని, తిరుగుదారిలో, చౌరస్తాకు ముందున్న వంపులో, కారు దాని మానాన అది పేవ్‌మెంటు పక్కకు పోయింది. అక్కడ సైకిలు మీద ఒకావిడ వెళ్తోంది. జుట్టు కత్తిరించే కొట్టు ఆవిడది, తెరవడానికి పోతోంది, కత్తెరలూ దువ్వెనలూ ఉన్న సంచి హ్యాండిలుకు తగిలించి ఉంది. తర్వాత రోడ్డు మీద ఆ దువ్వెనలన్నీ చెల్లాచెదరుగా పడి ఉన్నాయని ఆయన ఒకసారి చెప్పాడు, ఏ రంగు దువ్వెన ఎక్కడ పడిందో కూడా చెప్పాడు. పోలీసాయన వచ్చి, పొద్దున్న ఎండ సూటిగా కొడుతోంటే కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎండ కళ్ళల్లో కొట్టిందా?" అని అడిగాడు. ఈయన తల ఊపాడు. ఎండ కొడుతున్న మాట నిజమే. తల ఊపింది దానికేనేమో. ఆ ఊపిన తలే కాగితం మీదికెక్కి సాక్ష్యమై కూర్చుంది.

బీమా కంపెనీ మనిషి మంచివాడే, ఇంటికొచ్చి మంచినీళ్ళు అడిగి తాగి, మెల్లగా మాట్లాడాడు. ఎండ అన్నారు కదా, అదే ఉంచండి. ఇంకెవరితో ఇంకేమీ అనకండి. ఆస్పత్రికి వెళ్ళకండి, ఆవిణ్ణి గానీ ఆవిడ వాళ్ళను గానీ కలవకండి, క్షమించండి అని మాత్రం పొరపాటున కూడా అనొద్దు, ఆ మాట అంటే తప్పు ఒప్పుకున్నట్టే. మిగతాది మేం చూసుకుంటాం. మేం చూసుకుంటాం అన్న మాట ఆ రోజు ఎంత హాయిగా వినబడింది ఆమెకు, నెత్తిన బరువు మోస్తున్న మనిషి దగ్గర ఎవరో వచ్చి ఇటివ్వండమ్మా అని తట్ట అందుకున్నట్టు. నిజంగానే చూసుకున్నారు వాళ్ళు. ఆస్పత్రి ఖర్చులు, కోర్టు, చెల్లింపులు, అన్నీ. ఆవిడకు ఇవ్వాల్సింది ఇచ్చారు. ఆవిడ కుడి చెయ్యి మాత్రం మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు. జుట్టు కత్తిరించే మనిషికి చెయ్యి పైకి లేవకపోతే ఇంకేముంది. కొట్టు మూసేసిందని ఆ వీధి వాళ్ళు చెప్పుకున్నారు, ఆ తర్వాత ఊళ్ళో లేదన్నారు. కంపెనీ మనిషి వచ్చి వెళ్ళిన ఆ రాత్రి, పగలో రాత్రో, ఆ పరదా వెనక ఎప్పుడూ ఒకటే చీకటి, ఆయన గోడవైపు తిరిగి పడుకుని, "ఎండ కాదు. కునుకు పట్టింది" అన్నాడు. అప్పుడు ఆమె ఏమంది? ఆయన వీపు మీద చెయ్యి వేసి, "కంపెనీ వాళ్ళు చెప్పినట్టు వినండి" అంది. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కొరుక్కుంది. అప్పుడు మాత్రం అది ధైర్యం చెప్పడమే అనుకుంది.

ఒకసారి ఆస్పత్రికి వెళ్ళింది ఆమె. ఆయనకు చెప్పలేదు, కంపెనీకి అసలు చెప్పలేదు. వార్డు దాకా వెళ్ళి నిలబడింది. మంచం చుట్టూ ఆకుపచ్చ తెర, ఆ తెర కింది అంచు ఒకచోట ఊడి వేలాడుతోంది, దాని కింద నర్సు చెప్పులు అటూ ఇటూ కదులుతున్నాయి. లోపల్నించి ఆవిడ గొంతు వినబడింది. ఏడుపు కాదు, మామూలు గొంతు, "దిండు కొంచెం ఇటు జరపండి" అంది. అంతే. సంచిలో సూదీదారం ఉన్నాయి, ఆ ఊడిన అంచు కుట్టి పోదామా అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. కుట్టలేదు. మాట్లాడలేదు. మెట్లు దిగి వచ్చేసి, ఇంటికొచ్చి, ఆ నీలం తాను కత్తిరించి పరదాలు కుట్టి ఇచ్చేసింది. పరదాలు అడిగినవాళ్ళది గృహప్రవేశం, వాళ్ళకేం తెలుసు. ఆ నీలం పరదాలు ఎవరింట్లోనో ఈపాటికీ వేలాడుతూ ఉంటాయి, గాలికి ఊగుతూ, ఉతికినప్పుడల్లా కొంచెం వెలిసిపోతూ.

కారు అమ్మేశారు. కొన్న మనిషి వచ్చి తీసుకుపోతుంటే ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు. అప్పట్నించీ నడకే. వానొచ్చినా నడకే, బస్సు ఎక్కినా డ్రైవరు కనబడని సీటు వెతుక్కుంటాడు. ఇంట్లో ఒక్కరికైనా బండి నడపడం రావాలి, రేపు ఏ అర్ధరాత్రో అవసరం పడితే అని చెప్పి ఆమె డ్రైవింగు స్కూల్లో చేరింది, మీసాలు రాని పిల్లల పక్కన కూర్చుని. నేర్పేవాడు తెగ విసుక్కునేవాడు, "అమ్మగారూ, క్లచ్చి మీద మీ కాలు నిద్రపోతోంది" అని అరిచాడొకసారి. ఆమె బండి ఆపేసి ఏడ్చింది, వాడు హడలిపోయి మిగతా పాఠాలన్నీ గుసగుసగా చెప్పాడు. లైసెన్సు వచ్చింది. కారు లేదు, కొనే ఉద్దేశం లేదు, లైసెన్సు పర్సులో ఉంది, ఆలూ లేదు చూలూ లేదు అని తోడికోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వనీ. అక్క కారు, పరదాల షాపు వాళ్ళ వ్యాను, ఎవరిది దొరికితే అది, అలవాటు పోకుండా నడుపుతూ వచ్చింది. అద్దంలో ఎవరైనా సైకిలు మీద కనబడితే మాత్రం అవతలి వీధిలోకి తిరిగేదాకా ఊపిరి సరిగ్గా ఆడదు.

ఆ తర్వాత ఆ ఫోను. షాపుకు వచ్చింది, కొలతలు తీసుకుంటూ ఉంది ఆమె, టేపు మెడలో వేలాడుతూ ఉంది. "నేను జుట్టు కత్తిరించే కొట్టు ఉండేదే, ఆ మనిషిని" అంది అవతలి గొంతు, అదే గొంతు, దిండు జరపమన్న గొంతు. "కొండ మీద మా అన్నయ్య మొక్కల తోట చూసుకుంటున్నాను. మీ ఆయన్ని ఒకసారి తీసుకురాగలరా?" ఆమె పక్కనున్న బట్టల బేళ్ళ మీద కూర్చుంది. ఆవిడే చెప్పింది. "గొడవ పెట్టుకోవడానికి కాదు. నాకు ఆ పొద్దున్న ఏమీ గుర్తులేదండీ. ఇంట్లో తాళం వేసింది గుర్తుంది, ఆ తర్వాత ఆస్పత్రి. మధ్యలో కొంత నా జీవితం ఎవరో చింపేసినట్టుంది. ఎండ అన్నారు. సరే ఎండే అనుకున్నాను. కానీ అక్కడున్నది నేనూ మీ ఆయనా మాత్రమే. నాకు గుర్తులేదు. తెలిసినవాడు ఆయనొక్కడే." అంతసేపూ ఆమె వింటూ, టేపును వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది, వేలు తెల్లబడేదాకా.

ఆయనకు చెప్పింది. లేచి వెళ్ళి పడకగది పరదా తీసేశాడు. వెలుతురు లోపలికి వచ్చి పడింది, దుమ్ము లేచింది. "వెళ్దాం" అన్నాడు. ఆ కొండ మీదికి బస్సు పోదు. అక్క కారు అడగొచ్చు, కానీ ఎందుకని అడిగితే ఏం చెప్పాలి. అందుకే ఈ అద్దె కారు. ఆవిడ దగ్గరికి పోనివ్వకుండా ఇన్నేళ్ళు అడ్డం నిలబడ్డదీ బీమానే, ఇవాళ దగ్గరికి పోవాలన్నా ముందు బీమా కొనుక్కోవాల్సిందే. ఆమెకు నవ్వు రావాల్సింది, రాలేదు. ఆవిడ విన్నాక ఏం చేస్తుంది, కేసు మళ్ళీ తోడితే, మొహం మీద తలుపేస్తే, ఏడిస్తే. ఏడ్చినా భరించొచ్చు. "పోనీలెండి" అంటేనే భరించడం కష్టం. ఇక్కడ ఈ కుర్చీలో కూర్చున్న ఆమెకు ఇవన్నీ ఒకదాని మీద ఒకటి తోస్తుండగా, ఎప్పట్నించో లోపల దాచుకున్నది దానంతటదే బయటికి వచ్చింది.

"ఏమండీ. ఆ తాను సంగతి కూడా చెప్పాలి ఆవిడకి."

"ఏ తాను?"

"నీలం తాను. గోదాం మీదుగా రమ్మన్నాను కదా. నిద్ర లేదని తెలిసి కూడా నేనే పంపాను."

ఆయన నొసలు ముడిచి చాలాసేపు వెతికాడు, అటకమీద సామాను వెతికినట్టు. ఆమె ఆయన మొహమే చూస్తూ కూర్చుంది. ఆయనకు గుర్తులేదు. నిజంగానే లేదు. ఆమె ఇన్నేళ్ళు, ఆయన మౌనంగా ఉన్నప్పుడల్లా, అన్నం సగంలో లేచిపోయినప్పుడల్లా, ఈయన మనసులో ఆ తానే మెదులుతోంది, నోరు విడిచి అనడం లేదు గానీ నన్నే అంటున్నాడు అనుకుంటూ బతికింది. దువ్వెనల రంగులు గుర్తున్న మనిషికి తాను గుర్తులేదు.

"తెమ్మన్నావేమో. నువ్వు తెమ్మన్నావని నిద్రపోలేదు కదా నేను" అన్నాడు ఆయన చివరికి. అంత మెత్తగా అన్నాడు, ఇంకెవరైనా అయితే ఊరడింపు అనుకునేవాళ్ళు. అది ఊరడింపు కాదని ఆమెకు తెలుసు. తన తప్పులో వాటా ఇవ్వనంటున్నాడు. వాటా ఇస్తే తగ్గుతుందని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. ఆమెకు ఒక్కసారిగా తేలికైంది, వెంటనే ఆ తేలికకు సిగ్గేసింది, ఇన్నాళ్ళూ తన బాధ తాను పడుతూ, ఈయన బాధ ఈయనకు వదిలేసిందన్నమాట, ఒకే పరదా వెనక ఇద్దరూ రెండు వైపులకు తిరిగి.

"మేడమ్, రెడీ" అని పిలిచింది కౌంటరు అమ్మాయి. కారు మీరొక్కరే నడుపుతారా అంటే ఒక్కదాన్నే అంది. ఎదుటివాళ్ళదానికి టిక్కు పెట్టాను, మిగతావి కూడా తీసుకుంటారా అంటే అన్నీ తీసుకుంటానంది. ఆ అమ్మాయి సంతకం పెట్టాల్సిన చోట్ల వేలు ఆనిస్తూ, బడిలో పద్యం అప్పజెప్పినట్టు గడగడా చదివింది. వేగం మించకూడదు, తాగి నడపకూడదు, వేరేవాళ్ళకు ఇవ్వకూడదు. ప్రమాదం ఏదైనా జరిగితే ముందు ఈ నంబరుకు చెప్పాలి. తప్పు మాదేనని అక్కడ ఎవరితోనూ ఒప్పుకోకూడదు, డబ్బిస్తామని మాట ఇవ్వకూడదు.

కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆ ఆఫీసులోకి వచ్చాక ఆయన పరాయివాళ్ళతో మాట్లాడటం అదే మొదలు.

"అమ్మా, ఎదుటి మనిషి వచ్చి, ఏం జరిగిందో చెప్పమని అడిగితే?"

"మా నంబరుకి ఫోన్ చేస్తే మా వాళ్ళే మాట్లాడతారు సార్."

"అప్పుడు కాదమ్మా. చాలా ఏళ్ళ తర్వాత. అన్నీ తేలిపోయాక. డబ్బు కోసం కాదు, ఊరికే తెలుసుకోవాలని. అడిగితే చెప్పకూడదని ఉందా ఇందులో?"

ఆ అమ్మాయి మొదటిసారి తలెత్తి ఆయన్ని సరిగ్గా చూసింది. ఏదో అనబోయి మానుకుంది. కాగితం దగ్గరికి తీసుకుని, వరస మీద వేలు నడిపిస్తూ, పెదాలు కదుపుతూ చదివింది. తిప్పి వెనక పేజీ కూడా చూసింది. వెనక ఫోన్ మోగుతున్నా తీయలేదు.

"అలా ఏం లేదు సార్" అంది, కొంచెం బెదురుగా. "అంతదాకా ఇందులో రాయరు."

ఆయన తల ఊపాడు. ఎవరో అడిగిన దానికి తల ఊపడం ఆయనకు అలవాటే, ఆ ఊపుడుతోనే ఇంత జరిగింది. కానీ ఈసారి ఊపి అక్కడితో ఊరుకోలేదు. "సరేనమ్మా" అని పైకి అన్నాడు. ఆమె సంతకం పెట్టింది.

కారు తెలుపు, కడిగిన నీళ్ళు ఇంకా చక్రాల దగ్గర కారుతున్నాయి. చుట్టూ తిరిగి ఉన్న గీతలన్నీ చూపించి తాళం చేతికిచ్చి వెళ్ళిపోయారు. అంతలో ఫోను మోగింది. కొండ మీది నంబరు.

"బయల్దేరారా?"

"ఇప్పుడే కారు చేతికొచ్చిందండీ."

"ఆయన?"

"పక్కనే ఉన్నారు. ఇమ్మంటారా?"

అవతల ఎవరో మొక్కలకు నీళ్ళు పెడుతున్న చప్పుడు, కుక్క మొరిగింది. "వద్దులెండి" అంది ఆవిడ. "ఫోన్లో అయితే నాకు సగమే అర్థమవుతుంది. ఎదురుగా కూర్చుని వింటాను. పైకెక్కేటప్పుడు మలుపులెక్కువ, హారన్ కొడుతూ రండి. తొందరేం లేదు, మేం భోజనానికి ఆగుతాం." ఎవరికి చెబుతోందో తెలిసే చెబుతోంది ఆ మాట. ఫోను పెట్టేశాక ఆమె కాసేపు దాన్ని అలాగే చెవికి ఆనించుకుని నిలబడింది, ఇంకా ఏదైనా వస్తుందేమోనని.

సీటు ముందుకు జరుపుకుంది, అద్దాలు సరిచేసుకుంది. ఆయన పక్క సీట్లో కూర్చుని, బెల్టు లాగి పెట్టుకుని, అది పడిందో లేదో ఇంకోసారి లాగి చూసుకున్నాడు. ఇంజను మొదలవగానే చేతులు మోకాళ్ళ మీద బిగుసుకున్నాయి. గేటు దాకా వచ్చి ఆమె ఆపింది, రోడ్డు మీద బండ్లు పోతున్నాయి. అప్పుడు ఆయన ముందు అద్దంలోకి చూస్తూ, ఎవరో ఎదురుగా ఉన్నట్టు, దాదాపు వినబడకుండా అన్నాడు:

"ఎండ కాదండీ. నాకు కునుకు పట్టింది."

ఆమె ఆయనవైపు తిరగలేదు. స్టీరింగు పట్టుకున్న చేతులు అలాగే ఉన్నాయి. ఊరడించాలని లేదు, వీపు మీద చెయ్యి వేయాలని లేదు, మళ్ళీ అలాంటిదేదో చేస్తే ఈ మాట వెనక్కి పోతుందని భయం.

"ఇంకోసారి అనండి" అంది. "గొంతు లోపలికి పోనివ్వకండి. ఆవిడకి వినబడాలి."

ఆయన గొంతు సవరించుకుని ఇంకోసారి అన్నాడు. ఈసారి మాట పూర్తిగా బయటికి వచ్చింది. ఆమె కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, మళ్ళీ ఇంకొకసారి కుడివైపు చూసి, దారి ఉందని నిశ్చయమయ్యాక, మెల్లగా రోడ్డు మీదికి కారు పోనిచ్చింది.